నేరుగానే ఉంది సార్

మా మనుమరాలు పుట్టిన పందొమ్మిదో నాడు నీళ్లు పోసే అవ్వ ఉన్నట్టుండి చెయ్యి ఆపింది. కాళ్లు బారజాపుకొని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకొని ఆముదం రాస్తున్న మనిషి, కుడి చెవి కింది నుంచి రొమ్ము దాకా వేలితో మళ్లీ మళ్లీ తడిమి, "అయివారమ్మా, ఈడేందో ఉండాదే" అన్నది. మా ఆవిడ తడిమింది. మా అమ్మాయి తడిమింది. నేనూ తడిమాను. చింతగింజంత గట్టి గడ్డ ఒకటి మెడ కండలో వేలికి తగిలింది.

పాప తల కుడి భుజం మీదికి వాలి ఉండడమూ, గడ్డం ఎడమ వైపుకు తిరిగి ఉండడమూ అంతకు మునుపే మా కంట పడ్డాయి. "కడుపులో పడుకున్న తీరు అది. మూడో నెలలో మెడ నిలిస్తే అదే సర్దుకుంటుంది" అని తీర్పు చెప్పినవాణ్ణి నేనే. ముప్పై నాలుగేళ్లు బడిలో తీర్పులు చెప్పిన నోరు, ఉద్యోగ విరమణ చేసినంత మాత్రాన ఊరుకోదు.

గడ్డ అనేసరికి ఇల్లు బిగుసుకుపోయింది. మా ఆవిడ ఆ జబ్బు పేరు నోటితో అనలేదు గానీ, దేవుడి గదిలో దీపం మాత్రం ఆ పూట రెండుసార్లు వెలిగించింది. అవ్వ తనకు తెలిసిన వైద్యం చెప్పింది: పసుపూ సున్నమూ కలిపి పట్టు వేయాలి, మూడు దినాలు తల రెండు చేతులా పట్టి ఎదురు దిక్కుకు గట్టిగా తిప్పాలి, ఆపైన దిష్టి తీయాలి. ఆ వైద్యం చేయించకపోవడం మా అదృష్టం. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. చదువుకున్నవాళ్లం ముగ్గురం ఇంట్లో ఉండగా, చూపు సరిగ్గా ఆనని ఆ ముసలి చేతులే ముందు కనిపెట్టాయి. ఆమె చెప్పిన మందు తప్పు. ఆమె పట్టిన గుర్తు ఒప్పు.

మరునాడే పిల్లల వైద్యురాలి దగ్గరికి తీసుకుపోయాము. ఆమె గడ్డను చూడడానికి ముందు కాన్పు సంగతి అడిగింది. పాప కడుపులో తల కిందికి తిరగలేదు. ఎదురుకాళ్ల బిడ్డ అని తెలిసి ఆపరేషన్ చేసి తీశారు. (ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు విడుస్తుందని మన వైపు నమ్మకం. పాప పుట్టిన వార్త విని మా వీధిలో ఇద్దరు అప్పుడే వరుసలో నిలబడ్డారు!) వైద్యురాలు తల నిండా మా మాటలు విని, ఒక చేత్తో పాప భుజాలు ఆనించి, రెండో చేత్తో తలను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఎందుకో తుంటి కీళ్లను మడిచి, విప్పి పరీక్షించింది. కళ్ల ముందు ఎర్రని బొమ్మ ఆడించింది. మెడకూ తుంటికీ స్కానింగు రాసింది. చివరికి "టార్టికాలిస్. పుట్టుకతో వచ్చే మెడవాలు. కాన్సరు కాదు, భయపడకండి" అన్నది. మా ఆవిడ అనని మాటను ఆమే అని, ఆమే కొట్టివేసింది.

పేరు వినగానే నా బోటివాడికి వ్యుత్పత్తి మీదికి మనసు పోతుంది. లాటిన్‌లో 'టోర్టుస్' అంటే మెలిపడినది, 'కోల్లుమ్' అంటే మెడ. అంతే. మన వైపు చూస్తే సుశ్రుతసంహిత నిదానస్థానంలో, వాతరోగాల నడుమ, మన్యాస్తంభం కనిపిస్తుంది. 'మన్య' అంటే మెడ వెనుక భాగపు నరమని అమరకోశం. పగటి నిద్ర, కూర్చోవడంలో నిలబడడంలో వంకర తీరు, అదేపనిగా పైకి చూడడం దానికి కారణాలని సుశ్రుతుడి మాట. అది పెద్దవాళ్లకు వచ్చే మెడపట్టు. పందొమ్మిది రోజుల పసికందు ఏ పగటి నిద్రకు శిక్ష అనుభవిస్తున్నట్టు? పేర్లు దగ్గరగా ఉన్నాయి కదా అని రోగాలను కలపరాదని అప్పుడే అర్థమయింది.

పసిపిల్లల మెడవాలుకు మూలం ఒక్క కండ. దాని పేరు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్. నోరు తిరగని ఈ పేరు నిజానికి ఒక సమాసం. విగ్రహవాక్యం చెప్పుకుంటే తన ఊరూ పేరూ తానే చెబుతుంది: రొమ్ము ఎముక అయిన ఉరోస్థి, కంటె ఎముక అయిన జత్రుక, చెవి వెనుక చేతికి తగిలే బుడిపె ఎముక. కింద రెండు చోట్ల పుట్టి, పైన ఒక చోట ముడిపడే కండ అన్నమాట. అద్దం ముందు నిలబడి తల పక్కకు తిప్పితే మెడ మీద తాడులాగా లేచేది అదే. కుడి పక్క కండ బిగిస్తే తల కుడికి వాలుతుంది, ముఖం మాత్రం ఎడమకు తిరుగుతుంది. పుట్టుకతో ఆ కండ పొట్టిదై, లోపల నారవలె గట్టిపడి ఉంటే బిడ్డ తల ఎప్పుడూ ఆ భంగిమలోనే నిలిచిపోతుంది. కొందరిలో రెండు నాలుగు వారాల వయసులో కండ నడుమ గడ్డ తేలి, నెలలు గడిచే కొద్దీ దానంతటదే కరుగుతుంది. కొందరిలో గడ్డే ఉండదు, బిగువు మాత్రం ఉంటుంది. గర్భంలో చోటు చాలక మెడ ఒకే తీరున ఒదిగి ఉండడం, కాన్పులో కండ నలగడం, దానికి రక్తం సరిగా అందకపోవడం వంటివి కారణాలుగా చెబుతారు. ఎదురుకాళ్ల బిడ్డల్లోనూ, తొలిచూలు బిడ్డల్లోనూ ఎక్కువ. వెయ్యిమంది పిల్లల్లో ముగ్గురు మొదలు ఇరవైమంది దాకా అని వేర్వేరు లెక్కలు ఉన్నాయి. అంటే మరీ అరుదేమీ కాదు.

తుంటి ఎందుకు చూసిందో కూడా చెప్పింది. మెడవాలు ఉన్న పిల్లల్లో కొందరికి తుంటి కీలు సరిగా కుదురుకోకపోవడం తోడుగా ఉంటుందట. కళ్లు ఎందుకు చూసిందంటే, తల వాలిన ప్రతి బిడ్డకూ దోషం కండలోనే ఉండదు. కంటిని తిప్పే కండరం ఒకటి బలహీనమై, ఒకే వస్తువు రెండుగా కనబడుతుంటే, రెండు బొమ్మలనూ ఒకటి చేసుకోవడానికి పిల్లలు తల వాలుస్తారు. మెడ వెన్నుపూసలు పుట్టుకతో అతుక్కొని ఉన్నా వాలుతుంది. పుట్టినప్పుడు నేరుగా ఉన్న తల కొన్నాళ్లకు హఠాత్తుగా వాలినా, దానికి జ్వరమో వాంతులో తోడైనా ఇంటి వైద్యాలతో పొద్దు పుచ్చక ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

అప్పుడు నేను, పెద్దమనిషి తరహాలో, ఒక ప్రశ్న అడిగాను: "తల వంకరగా ఉన్నట్టు బిడ్డకు ఇబ్బందిగా ఉండదా అమ్మా?"

"ఎందుకుంటుంది సార్? ఆ పాపకు అదే నేరు. వంకర మనకు" అన్నది.

ఆ మాటతో నేను ఆసుపత్రి కుర్చీలో నుంచి నలభై ఏళ్లు వెనక్కి పోయాను.

1986. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె బడి. నా ఉద్యోగంలో రెండో ఏడు. ఆరో తరగతిలో మూడో వరుసలో ఒక కుర్రవాడు. తల ఎప్పుడూ ఒక భుజం మీదికి వాలి ఉండేది. ఆ వైపు చెంప కొంచెం చిన్నదిగా, భుజం కొంచెం ఎత్తుగా ఉండేవి. నాకు అది నిర్లక్ష్యంగా కనబడింది. పద్యం చెబుతుంటే గురువు వైపు ఏదో ఎగతాళిగా తల వాల్చి చూస్తున్నాడని నా లెక్క. కొత్తగా పండిత శిక్షణ పూర్తి చేసుకొని వచ్చినవాణ్ణి, పద్యానికి జరిగే అవమానం భరించలేను కదా! చెక్క స్కేలు గడ్డం కింద పెట్టి పైకి లేపి, "తల నేరుగా పెట్టు" అనేవాణ్ణి. స్కేలు తీయగానే తల మళ్లీ వాలేది. "నేరుగానే ఉంది సార్" అనేవాడు. ఎదురు చెబుతున్నాడని మళ్లీ స్కేలు. కొన్నాళ్లకు తరగతి వాణ్ణి 'వాలుమెడ' అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పేరు పెట్టింది పిల్లలని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. పెట్టింది నేనే. ఏదో పాఠం మధ్యలో, చమత్కారంగా.

ఏడాది చివర గ్రూపు ఫొటో తీసినప్పుడు వాణ్ణి వెనక వరుసలో, పొడుగాటి పిల్లవాడి వెనక నిలబెట్టాను. ఆ ఫొటో నా దగ్గర ఉంది. అందులో వాడు లేడు.

వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి అది నేరే. కండ పొట్టిదో, కంటికి రెండు బొమ్మలు కనబడేవో ఈనాడు నేను చెప్పలేను. ఒక కన్ను మూసి నల్లబల్ల చూడరా అని ఒక్కసారి అని ఉంటే తల నిలబడేదేమో, కంటి సంగతి బయటపడేదేమో. అది తెలిసినవాళ్లు ఆ పల్లెలో ఎవరున్నారు అని సమాధానపడవచ్చు. కానీ తెలియకపోవడం వేరు, తెలియని దానికి శిక్ష వేయడం వేరు.

ఆ రోజుల్లో మాకు దిక్కు జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రి ఒకటే. అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2000లో గానీ రాలేదు. 1969లో ఈ కరువు సీమకు వచ్చి స్థిరపడిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ బత్తలపల్లి ఆసుపత్రి కూడా ఆ ప్రాంతపుదే (2022లో జిల్లా రెండయినప్పుడు బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది). ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేలలో బిడ్డ తల వాలిందని పనులు మానుకొని అనంతపురం బస్సెక్కే తల్లి ఎవరు? వేరుశనగ విత్తే అదనులో అసలే ఎక్కదు.

అదను అన్నాను గనుక చెబుతాను. మెడవాలుకు కూడా అదను ఉంది. మొదటి మూడు నెలల్లో వ్యాయామం మొదలుపెడితే నూటికి తొంభైమందికి పైగా పిల్లలకు కత్తి అవసరం లేకుండానే నయమవుతుంది. ఆలస్యమైన కొద్దీ ఆ కండ సాగడం కష్టం, పట్టే కాలం ఎక్కువ. ఏడాది దాటినా తగ్గకపోతే శస్త్రచికిత్సతో కండను విడిపించడం గురించి ఆలోచిస్తారు. అట్లాగే వదిలేస్తే పుర్రె ఒక పక్క చదును అవుతుంది, ముఖం రెండు సగాలూ సమంగా పెరగవు. మూడో వరుసలోని ఆ చిన్న చెంప అర్థం ఇదీ.

మా పాపకు నాలుగో వారంలోనే ఫిజియోథెరపీ మొదలయింది. నేర్పిన అమ్మాయికి పాతికేళ్లు ఉంటాయి. మొదటి రోజే మా ఆవిడ చేతులు పట్టుకొని, "బలం వద్దమ్మా, నిలకడ కావాలి" అన్నది. మా పాపకు బిగిసింది కుడి కండ గనుక, కుడి భుజాన్ని కదలకుండా ఆనించి, ఎడమ చెవిని ఎడమ భుజం వైపుకు వంచి పట్టుకోవాలి. ఇది ఒకటి. గడ్డాన్ని మెల్లగా కుడి భుజం వైపుకు తిప్పి పట్టుకోవాలి. ఇది రెండు. ఒక్కొక్కటి కొన్ని క్షణాలు పట్టి వదలడం, గుడ్డ మార్చిన ప్రతిసారీ నాలుగైదు మార్లు. పాలు తాగిన వెంటనే కాదు, స్నానమయ్యాక ఒళ్లు వదులుగా ఉన్నప్పుడు మేలు. అభినయదర్పణం మెడకు సుందరి, తిరశ్చీన, పరివర్తిత, ప్రకంపిత అని నాలుగు కదలికలు చెప్పింది. నాట్యకత్తెలు ఏళ్ల తరబడి సాధించే ఆ కదలికల్లో రెండింటి కోసం మా ఇంట్లో రోజుకు ఎనిమిది మార్లు రంగస్థలం సిద్ధమయ్యేది. (ఇది చదివి ఎవరూ సొంతంగా మొదలుపెట్టవద్దు. ఏ పక్క కండ బిగిసిందో, ఎంత మేరకు వంచవచ్చో వైద్యులు చూసి, చేత్తో చేయించి నేర్పాలి. పక్క పొరపాటు పడితే బిగిసిన కండను ఇంకా బిగించినట్టవుతుంది.)

మొదటి వారం పాప ఏడుపు మేము ఓర్చలేకపోయాము. మా ఆవిడ రెండుసార్లు చేతులు తీసేసి, "నా వల్ల కాదు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మా అమ్మాయి ఏడుస్తూనే చేసింది.

కానీ అసలు వైద్యం ఆ రోజుకు ఎనిమిది మార్లది కాదని మెల్లగా తెలిసివచ్చింది. తక్కిన పొద్దంతా బిడ్డ ఎటు చూస్తున్నదీ అన్నదే అసలు సంగతి. చీర ఉయ్యాలలో వేస్తే ఒళ్లు ముడుచుకొని తల ఒకే పక్కకు ఒరుగుతుంది. దాన్ని విప్పేశాము. తల గుండ్రంగా వస్తుందని మా అక్కయ్య పంపిన ఆవాల దిండు బీరువాలోకి పోయింది. ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ వద్దన్నారు. నిద్ర వెల్లకిలానే. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం, మనిషి పక్కనుండగా, బోర్లా వేయాలి. అట్లా వేస్తేనే తల ఎత్తే ప్రయత్నంలో మెడ రెండు వైపులా బలం పుంజుకుంటుంది. మంచం ఎడమ వైపును గోడకు చేర్చాము. వాకిలి, వెలుతురు, గంటల బొమ్మ, వచ్చే పోయే మనుషులు అన్నీ కుడి పక్కకు మార్చాము. చూడదగినదంతా కుడి వైపుననే ఉంటే మెడ తిరగక ఏం చేస్తుంది?

నా వంతు గొంతు. పాప కుడి పక్కన చాప వేసుకొని కూర్చొని వేమన పద్యాలు చదివేవాణ్ణి. మొదట్లో కళ్లు మాత్రమే తిరిగేవి. తర్వాత గడ్డం కొంచెం కదిలేది. మూడో నెలలో ఒకనాడు పద్యం నడుమ ముఖం పూర్తిగా నా వైపుకు తిప్పి, బోసినోటితో నవ్వింది. అటువంటి శ్రోత నాకు ముప్పై నాలుగేళ్ల సర్వీసులో దొరకలేదు. అయిదో నెలకు గడ్డ చేతికి అందకుండా పోయింది. ఏడో నెలలో వైద్యురాలు చూసి, ఇక వ్యాయామం తగ్గించవచ్చునన్నది. తల వెనుక ఎడమ పక్క ఏర్పడిన చదును మాత్రం మెల్లగా సర్దుకున్నది. ఇప్పుడు జుట్టు కింద వెతికినా కనబడదు.

ఒక సంగతి నన్ను వదలడం లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే లోపాలు తొమ్మిదింటి జాబితా ఉంది. వంకర పాదం ఉంది, తుంటి కీలు దోషం ఉంది, మెడవాలు లేదు. అయితే ఏమి? ఆసుపత్రిలో కాన్పయిన ప్రతి బిడ్డ ఇంటికీ ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్లాలని 2011 నుంచి నియమం ఉన్నది. గడ్డ తేలేది సరిగ్గా ఆ పద్నాలుగుకూ ఇరవై ఎనిమిదికీ నడుమనే. బరువు తూచే ఆ అమ్మాయి మెడ రెండు పక్కలా ఒక వేలు ఆనిస్తే చాలు. ఆరో వారం టీకాకు పోయినప్పుడు తల్లి "మా బిడ్డ ఒక పక్కకే చూస్తుంది" అని ఒక్క మాట అంటే చాలు. మా వీధి ఆశా కార్యకర్తకు ఈ మాట చెప్పాను. నీళ్లు పోసే అవ్వకూ చెప్పాను. అవ్వ ఇప్పుడు ఏ ఇంట్లో బిడ్డకు నీళ్లు పోసినా రెండు చెవుల కిందా తడిమి చూస్తుంది. పసుపూ సున్నమూ మానిందో లేదో నేను అడగలేదు.

మొన్న ఉగాదికి ఆ పాత బడి పిల్లలు కొందరు నన్ను పిలిచి శాలువా కప్పారు. వాలుమెడ సంగతి అడిగాను. పేరు నేను సరిగానే చెప్పాను గానీ, వాళ్లకు ఆనవాలు దొరకలేదు. చివరికి సిగ్గుపడుతూ ఆ మారుపేరు చెప్పాల్సి వచ్చింది. వెంటనే అందరికీ గుర్తొచ్చాడు. బెంగళూరులో బేల్దారి పని చేస్తున్నాడని ఒకరు నంబరు ఇచ్చారు.

వారం తర్వాత ఫోను చేశాను. గుర్తుపట్టి, "సార్, బాగుండారా?" అన్నాడు. మా మనుమరాలి కథంతా చెప్పాను. విని, "నాకు ఇప్పుడూ అట్లే ఉండాది సార్. పనికేం అడ్డం రాలే. గోడ నేరు చూసేదానికి తూకంగుండు ఉంటాది కదా" అని నవ్వాడు. కాసేపాగి, "మా పిల్లోళ్లు ముగ్గురూ పుట్టిన దినమే నేను మెడ చూసినా సార్. ఫస్టు మెడే చూసినా. బాగానే ఉండ్యా" అన్నాడు.

స్కేలు సంగతి ఎత్తబోయాను. వాక్యం సగంలో ఉండగానే, "అదేం లే సార్, అందరూ అనేటోళ్లే" అన్నాడు. ఆ 'అందరూ'లో నేను కూడా ఒకణ్ణి. దానికి జవాబు నా దగ్గర లేకపోయింది. ఊళ్లో మీ చేను ఎవరు చూస్తున్నారు, వాన పడిందా అని అడిగాను. పడలేదన్నాడు.